కొబ్బరినూనె పేరుకునే రోజుల్లో

అమ్మాయ్, మా పెద్దదాని కంటే చిన్నదానివి కాబట్టి నువ్వు అనే రాస్తాను, ఏమీ అనుకోకు.

నువ్వు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. హైదరాబాదు నుంచి రాజోలు దగ్గర మీ ఊరికి వచ్చేసి, ఇంటి నుంచే ఉద్యోగం చేసుకుంటున్నావు. కార్తీకం వెళ్లిన దగ్గర్నుంచీ పొద్దున్న లేస్తే నైటీ మీద పాత స్వెట్టరు, మధ్యాహ్నం ఉక్కపోసి అది విప్పెయ్యడం, సాయంత్రం మళ్లీ అదే తగిలించుకోవడం. ఫోనులో చూస్తే పొడుగు కోట్లు, బూట్లు, మెడ చుట్టూ మఫ్లర్లు. అవి మన వీధిలో వేసుకుంటే నాటకం కంపెనీ వచ్చిందనుకుంటారు. ఇంతకుముందు బొమ్మలు వేసేదానివి, రెండు నెలలుగా పెన్సిల్ ముట్టలేదు, ఏదీ బుర్రలోకి రావడం లేదు అన్నావు. చివర్లో మీ అమ్మమ్మ గారి ఉన్ని శాలువాకి చిల్లులు పడ్డాయి, పారెయ్యనా ఉంచనా అని అడిగావు.

నేను అమలాపురం దగ్గర ముప్పై ఏళ్లుగా మిషను కుడుతున్నాను. మొదట ఇంటి అరుగు మీద, తరవాత చిన్న షాపు. ఫ్యాషన్ కోర్సులేవీ చదవలేదు. కాకపోతే చలికాలం వచ్చేసరికి జనం ఏం కొని ఎలా మోసపోతారో చూస్తూనే ఉన్నాను, నేను మోసపోయిన వాటితో కలిపి.

ముందు ఒక పని చెయ్యి. పొద్దున్న లేవగానే ఫోనులో టెంపరేచర్ చూడటం మాని, కొబ్బరినూనె సీసా చూడు. కొబ్బరినూనె దాదాపు 24 డిగ్రీల దగ్గర పేరుకోవడం మొదలుపెడుతుంది. మన దగ్గర జనవరిలో తెల్లవారుజామున 18, 19 ఉంటుంది, మధ్యాహ్నానికి 28, 29కి పోతుంది. అంటే ఒకే రోజులో ఆ గీతని ఒకసారి అటు, ఒకసారి ఇటు దాటుతున్నామన్నమాట. నీ స్వెట్టరు బాధంతా ఇక్కడే ఉంది. ఢిల్లీలో ఉన్నవాళ్లు పొద్దున్న కోటు తొడుక్కుంటే రాత్రి దాకా విప్పక్కర్లేదు. మన చలి పొద్దున్న ఒక మూడు గంటలు, పొద్దుగూకాక ఒక రెండు గంటలు. ఆ ఐదు గంటల కోసం రోజంతటి బట్టలు కొంటే డబ్బూ దండగే, చెమటా దండగే.

సీసాని గీజరు పక్కన కాదు, కిటికీలో పెట్టు. గానుగ నూనె అయితే నిజం చెబుతుంది. వేరే నూనెలు కలిపినదైతే చలి వేసినా సరిగ్గా పేరుకోకపోవచ్చు, దాన్ని నమ్మకు. అడుగుదాకా తెల్లగా గట్టిపడితే రెండు పొరలు. అడుగున తెల్లగా పేరి పైన నీళ్లలా ఉంటే ఒక పొర. అసలు పేరుకోకపోతే చున్నీ చాలు. మా షాపులో పిల్లలు దీన్ని చూసి నవ్వుతారు గాని, వాళ్లూ అలాగే చేస్తారు.

ఇంకొక సంగతి తేమ. చుట్టూ కాలవలు, చెరువులు, కోత కోసిన చేలలో ఇంకా ఆరని నేల. రాత్రి తీగ మీద బట్ట మరిచిపోతే పొద్దున్నకి పిండేలా ఉంటుంది. అందుకే దళసరి బట్ట మనకి పడదు. తేమ పీల్చి బరువెక్కుతుంది, ఆరదు, నాలుగు రోజులకి ముక్క వాసన. తోలు కోట్ల సంగతి అసలు చెప్పక్కర్లేదు. ఒకసారి ఎగ్జిబిషన్‌లో మా వారికి తోలుకోటు అని చెప్పి ఒకటి అంటగట్టారు. నలుపు, జిప్పులు, చూడ్డానికి హీరోలా ఉంది. ఆయన రెండు చలికాలాలు తొడిగారు. మూడో ఏడు బీరువాలోంచి తీస్తే భుజాల దగ్గర పై పొర ఉల్లిపొట్టులా రాలిపోతోంది. అది తోలు కాదు, గుడ్డ మీద పూసిన ప్లాస్టిక్ పొర. తేమ తగిలే కొద్దీ ఆ పూత విడిపోతుంది. డెల్టాలో దానికి ఆయుష్షు తక్కువ. కొనాలనిపిస్తే నా మాట గుర్తు తెచ్చుకో.

మరి ఏం వేసుకోవాలి అంటే, పలచటివి రెండు, వదులుగా. వెచ్చదనం గుడ్డలో ఉండదమ్మా, రెండు గుడ్డల మధ్య నిలబడిన గాలిలో ఉంటుంది. ఒంటికి అతుక్కున్న దళసరి స్వెట్టరు లేకపోయినా, మెత్తటి నూలు కుర్తా మీద వదులుగా ఇంకో నూలు పొర మన చలికి చాలు. పైగా తొమ్మిదింటికి పైది తీసి కుర్చీకి తగిలించినా లోపలిది నలుగురిలో కనపడేలా ఉంటుంది. నైటీ మీద స్వెట్టరులో ఉన్న చిక్కు ఇదే, పైది తీస్తే లోపలిది ఎవరికీ చూపించలేం.

లోపలిది వీలైనంత పాతది తీసుకో. బండారులంక, మోరి, పులుగుర్త నూలు చీరలు మీ ఇంట్లో అమ్మ పెట్టెలో తప్పకుండా ఉంటాయి. యాభై ఉతుకులు పడ్డ చీరకి ఉండే మెత్తదనం ఏ షాపులోనూ దొరకదు. ఒక్క మాట, చలికాలం గంజి మానెయ్యి. గంజి పెట్టిన గుడ్డ ఎండాకాలానికి మంచిది. బిరుసుగా ఒంటికి దూరంగా నిలబడుతుంది, కింద నుంచి గాలి ఆడుతుంది. అదే గుడ్డ డిసెంబరులో ఒంటి మీద వేసుకుంటే స్టీలు పళ్లెం తగిలినట్టు జిల్లుమంటుంది. వేడినీళ్లలో నానబెట్టి గంజి వదిలించుకుంటే అదే చీర వేరే చీర అయిపోతుంది.

ఇప్పుడు నా అసలు సలహాకి వస్తాను. బొంత కోటు కుట్టుకో. చేతులు లేకుండా, తుంటి కిందకి వచ్చేలా. (మన దగ్గర జాకెట్టు అంటే రవికే కాబట్టి కోటు అంటున్నాను. ఒకసారి ఒక కుర్రాడు ఫోను చేసి బొంత జాకెట్టు కుడతారా అంటే, వాళ్లమ్మగారి ఆది రవిక పట్టుకురా నాయనా అన్నాను.)

దీనికి ఒక పాత నూలు చీర, ఒక పాత పంచె చాలు. చీర అయిదున్నర మీటర్లు ఉంటుంది కదా, పై పొరకీ లోపలి పొరకీ సరిపోతుంది. పంచె మధ్యలోకి. మూడూ వేడినీళ్లలో ఉతికి ఎండబెట్టు. గచ్చు మీద ముందు లోపలి గుడ్డ తిరగేసి పరిచి, దాని మీద పంచె, దాని మీద పై గుడ్డ. నాలుగు మూలలా ఇటుకలో, రుబ్బురోలు పొత్రమో ఏదో ఒక బరువు పెట్టు. మధ్యలోంచి మొదలుపెట్టి అంచులకి టాకాలు (తరవాత విప్పేసే పెద్ద కుట్లు) వేసుకుంటూ వెళ్లు. అంచు నుంచి మధ్యకి వస్తే గుడ్డంతా నడిమికి పోగై బుడగలా లేస్తుంది, అప్పుడు విప్పడం తప్ప దారి లేదు. టాకాలు అయ్యాక నూలు దారాన్ని కొవ్వొత్తి మీద ఒకసారి లాగి, రెండు వేళ్ల ఎడంలో వరసలుగా దూసుకుంటూ పో. కుట్టు చిన్నదీ పెద్దదీ అయినా పరవాలేదు, వరస మాత్రం ఒకే ఎడంలో ఉండాలి.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ముందు కోటు కత్తిరించి తరవాత బొంత కుట్టడం. బొంత కుట్టాక గుడ్డ నాలుగు పక్కలా కాస్త ముడుచుకుంటుంది. కాబట్టి ముందు పలకలాగా కుట్టుకుని, ఆ తరవాతే కత్తిరించు. ఛాతీ కొలతకి అయిదు అంగుళాలు వదులు ఇవ్వు, చంక మామూలు కంటే ఒక అంగుళం లోతు. నిలువు అంచులకి చీర అంచునే మడిచి కుట్టెయ్యి, అందం దానిలోనే వస్తుంది. మెడకీ చంకకీ మాత్రం చీర అంచు పనికిరాదు, వంపు తిరగదు. అక్కడ ఏటవాలుగా కోసిన క్రాస్ పట్టీయే వెయ్యాలి. రోజుకి గంట కూర్చుంటే రెండు వారాల పని. మిషను మీద ఒక పూటలో అయిపోతుంది గాని, చేతికుట్టుకి ఉన్న మెత్తదనం ఉండదు. మిషను కుట్టు గుడ్డని బిగించేస్తుంది, పొరల మధ్య గాలికి చోటు ఉండదు.

ఇది నా తెలివి కాదు. 1996 నవంబరు 6న తుఫాను వచ్చిన ఏడు నేను మిషను కొత్తగా నేర్చుకుంటున్నాను. ఇంటి పెంకులు సగం ఎగిరిపోయాయి, పెరట్లో కొబ్బరిచెట్లు పడిపోయాయి, ట్రంకు పెట్టెలో చీరలన్నీ నీళ్లలో నాని ఒకదాని రంగు ఒకదానికి అంటుకుపోయాయి. కట్టుకోడానికి పనికిరావని నేను ఒకటే ఏడుపు. మా అత్తగారు ఏమీ మాట్లాడకుండా వాటిని ఆరబెట్టి, ఆ చలికాలమంతా కూర్చుని నాలుగు బొంతలు కుట్టింది. ఒక మూడేళ్ల పిల్లకి మిగిలిన ముక్కలతో చేతుల్లేని చిన్న బొంత కోటు కుట్టింది. ఎర్రచీర రంగు తెల్లచీరకి అంటి వచ్చిన ఆ లేత గులాబీని ఇప్పుడు ఎంత డబ్బు పోసినా ఏ అద్దకం వాడూ తీసుకురాలేడు. నేను షాపు పెట్టాక కుట్టిన మొదటి బొంత కోటుకి ఆది ఆ చిన్న కోటే.

స్కూటీ మీద గట్టు వెంబడి పొద్దున్నే వెళ్లాల్సి వస్తే మాత్రం బొంత కోటు ఒక్కటీ ఆపదు, ఎదురుగాలి నూలులోంచి దూరిపోతుంది. దాని మీద పలచటి వానకోటు వెయ్యి. చెవులు కప్పుకో. అంతే, దీనికి ఫ్యాషన్ వెతక్కు.

ఇక స్వెట్టర్లు. నవంబరు రాగానే రోడ్డు పక్కన గుట్టలు పోసి అమ్మేవాటిలో ఎక్కువ భాగం ఉన్ని కాదు, అక్రిలిక్. తప్పేం లేదు, చవక, ఉతుక్కోవడం తేలిక. కాని ఉన్ని అని చెప్పి ఉన్ని ధర అడిగితే లోపలి అంచు నుంచి చిన్న పోగు ఒకటి లాగి అగ్గిపుల్లతో కాల్చి చూడు. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, వేళ్ల మధ్య నలిపితే బూడిద అవుతుంది. అక్రిలిక్ అయితే కరిగి గట్టి పూసలా మిగులుతుంది. ఇదే కారణానికి భోగిమంట దగ్గరికి స్వెట్టరుతో, నైలాన్ చున్నీతో పిల్లల్ని పంపకు. నిప్పురవ్వ పడితే నూలు గుడ్డ కాలుతుంది, దులిపెయ్యవచ్చు. ఇది కరిగి చర్మానికి అతుక్కుంటుంది. మా వీధిలో ఒక పాప చెయ్యి అలాగే కాలింది, ఆ మచ్చ ఇంకా ఉంది. భోగి నాటికి నూలే.

ఇప్పుడు రెండో ప్రశ్న, ఏదీ బుర్రలోకి రావడం లేదన్నది. నిజం చెప్పనా? నీ కళ్లముందు ఉన్నది ఫోనులో ఉన్నట్టు లేదు కాబట్టి, ఇక్కడ ఏమీ లేదనుకుంటున్నావు. రాబోయే మంచు రోజున ఆరున్నరకి బయటికి వచ్చి నిలబడు. పది గజాల అవతల కొబ్బరితోట బూడిద రంగు, దాని వెనక ఇంకో తోట అంతకంటే పలచటి బూడిద, ఆ పైన ఏదీ కనపడదు. కాని నీ గోడ పక్కన ఉన్న బంతిచెట్టు మాత్రం దీపం వెలిగించినట్టు ఉంటుంది. మామూలు ఎండలో ఆ బంతిపువ్వుని పట్టించుకోం, చుట్టూ అన్నీ అరుస్తూ ఉంటాయి కాబట్టి. మంచు మిగతావాటి నోరు మూయించింది. నేను చలికాలం బట్టలకి చెప్పే సూత్రం ఒక్కటే, అది ఆ గోడ దగ్గరే నేర్చుకున్నాను. అంతా నిమ్మళమైన రంగులు, ఒక్కటి మాత్రం మండేది. బూడిద కుర్తా, పాత తెలుపు బొంత కోటు, మెడలో బంతిపువ్వు రంగు చున్నీ. లేదా అంతా లేత గోధుమ రంగు, చెవులకి పచ్చరాళ్లు. వీడియో మీటింగుల్లో నడుము పైనే కనిపిస్తావు కాబట్టి ఆ మండే రంగు మొహానికి దగ్గరగా ఉండేలా చూసుకో.

డిసెంబరు పూలు మీ పెరట్లో ఉన్నాయా? లేకపోతే పక్కింట్లో ఉంటాయి. వాసన లేదని వాటిని చిన్నచూపు చూస్తారు గాని, ఆ వంగపండు రంగు ఇంకే కాలంలోనూ దొరకదు. మరువం మధ్యలో పెట్టి అరటినారతో కట్టిన మాల చూడు. ముదురు ఆకుపచ్చ, లేత వంగరంగు, నార తెలుపు. ఆ మూడు రంగులతో ఏ చీరకైనా కళ్లు మూసుకుని రవిక కుట్టవచ్చు. కడియపులంక పూల మార్కెట్‌కి ఒకసారి తెల్లవారకముందే వెళ్లి రా, వీలైతే. చేమంతులు గుట్టలుగా పోసి ఉంటాయి. పసుపులోనే ఎన్ని పసుపులు ఉన్నాయో అక్కడ తెలుస్తుంది. నేను అక్కడికి పూలు కొనడానికి కాదు, దారపు ఉండలు పట్టుకుని వెళతాను. పూలమ్మే ఆవిడ నన్ను పిచ్చిదానిలా చూస్తుంది.

దారం మాట వచ్చింది కాబట్టి. రంగు జోడీ చూసుకోవడం ట్యూబులైటు కింద ఎప్పుడూ చెయ్యకు. షాపులో కలిసినట్టున్న దారం ఇంటికి రాగానే వేరే రంగు అయిపోవడం నీకూ అనుభవమే అయ్యుంటుంది. మంచు పట్టిన ఉదయం ఎనిమిది ప్రాంతంలో కిటికీ దగ్గర ఉండే వెలుగు దీనికి బాగుంటుంది. నీడ పడదు, ఎండలోని పసుపు కలవదు. మా షాపులో పెళ్లి రవికల మ్యాచింగ్ అంతా ఆ గంటలోనే.

పెన్సిల్ ముట్టబుద్ధి కానప్పుడు నేను చేసే పని చెబుతాను, ఇది బొమ్మ వెయ్యడం కంటే తేలిక. ఒక బిస్కెట్ల డబ్బాలో బెత్తెడు గుడ్డముక్కలు పోగేసుకో. ఏ టైలర్ని అడిగినా సంచెడు ఇస్తారు, మాకు అవి చెత్త. రోజుకి ఒక్కసారి, బయట కంటపడ్డ ఏదో ఒకదాని రంగులకి సరిపోయే రెండు ముక్కలు వెతికి గుండుసూదితో కలిపి గుచ్చు. చీటీ మీద తేదీ, ఏం చూశావో ఒక ముక్క రాయి. అంతే. పది నిమిషాలు కూడా పట్టదు.

నా పోయిన డిసెంబరు డబ్బా తీసి చూస్తే ఇలా ఉంది. 4వ తేదీ, ఉడికిన తేగ. పైన మట్టి రంగు, చీలిస్తే మీగడ రంగు, లోపలి చందమామకి ముక్క దొరక్క వదిలేశాను. 7వ తేదీ, కాలవ నీళ్లు. ఆగస్టులో వరదకి ఎర్రగా వచ్చిన నీళ్లే ఇప్పుడు తేటపడి నాచు రంగులో ఉన్నాయి, పక్కన ముక్క రేవు మెట్ల సిమెంటు రంగు. 9వ తేదీ, రోడ్డు మీద ఆరబోసిన సార్వా ధాన్యం, ఒక పక్కన నీలం బరకం (టార్పాలిన్) మడత. 10న ఏమీ లేదు, జ్వరం. 12న గొంగళిపురుగు, అది అంత బాగా రాలేదు.

ఆ 9వ తేదీ జోడీ ఎందుకు చెబుతున్నానంటే, ధాన్యం రంగూ ప్లాస్టిక్ బరకం నీలమూ కలిపి షాపులో ఎవరికైనా చూపిస్తే వద్దంటారు. నేనూ వద్దంటాను. కాని ఆ రెండూ పక్కపక్కన చూసిన కన్ను కాదనలేకపోయింది. పండక్కి ధాన్యం రంగు ఖాదీ కుర్తా కుట్టి మెడకీ చేతులకీ ఆ నీలం సన్నటి పైపింగ్ వేశాను. సంక్రాంతి నాడు మా చుట్టాల్లో నలుగురు ఆపి అడిగారు, ఎక్కడ కొన్నావని. బరకం చూసి కుట్టానంటే నమ్మలేదు. మన వాళ్ల వెటకారం తెలుసు కదా, ఇప్పటికీ నన్ను బరకం పిన్ని అంటారు.

బొమ్మల సంగతి అడిగావు. నెలగంట పెట్టిన దగ్గర్నుంచీ భోగి దాకా, అంటే డిసెంబరు మధ్య నుంచి జనవరి మధ్య వరకు, నీ గుమ్మం ముందు రోజూ ఒక పెద్ద కాగితం ఖాళీగా ఉంటుంది. ఫోనుల్లో ముప్పై రోజుల డ్రాయింగ్ ఛాలెంజ్ అని పెడుతున్నారట కదా. మన ఆడవాళ్లు అది ఎప్పటి నుంచో చేస్తున్నారు, లైకులు లేకుండా. పైగా దీనిలో ఒక గొప్ప సౌకర్యం ఉంది. బాగా రాకపోతే ఆవుదూడ తొక్కుతుంది, సైకిళ్లు తొక్కుతాయి, మర్నాడు కళ్లాపి పడుతుంది. దాచుకునేది కాదు కాబట్టి టెన్షన్ లేదు. నీ పెన్సిల్ కదలకపోవడానికి సగం కారణం అది ఎవరికో చూపించాలన్న బరువేనేమో, నువ్వే చూసుకో.

పెద్ద రథం ముగ్గుతో మొదలుపెట్టకు. తొమ్మిది చుక్కలు, సందు చుక్క, అయిదు వచ్చేవరకు. అంటే మధ్య వరసలో తొమ్మిది, దానికి పైనా కిందా ఎనిమిది, ఏడు, ఆరు, అయిదు, ఒక్కో వరస చుక్కలు ముందు వరస సందుల్లో పడేలా. మొత్తం 61 చుక్కలు. దీనిలో మెలికల ముగ్గు వెయ్యి. గీత చుక్కని తాకకూడదు, చుట్టూ తిరిగి రావాలి, ఎక్కడ మొదలైందో అక్కడ కలవాలి. కళ్లాపి చల్లాక నీళ్లు ఇంకే దాకా ఆగు, మంచు రోజుల్లో దానికి పది నిమిషాలు ఎక్కువే పడుతుంది. తడి మీద పోస్తే ముగ్గుపిండి ముద్దకడుతుంది. బొటనవేలూ చూపుడువేలూ మధ్య పిండి జారే వేగమూ చెయ్యి కదిలే వేగమూ ఒకటయ్యాక గీత సన్నబడుతుంది. నాకు అది ఏ ఏడాదైనా నాలుగో రోజుకి గాని రాదు. మీ వీధి సిమెంటు రోడ్డైతే సుద్దముక్కతో వెయ్యి, ఎవరూ జైల్లో పెట్టరు.

వేసిన ముగ్గుని ఫోటో తీసుకో. దానిలో నాలుగో వంతు మాత్రం తీసుకుని రవిక వీపు మీదకి మార్చుకోవచ్చు. ట్రేసింగ్ పేపరు మీద గీసి, గీత పొడుగునా సూదితో చిల్లులు పొడిచి, గుడ్డ మీద పరిచి, కిరసనాయిలులో కలిపిన జింకు పౌడరు దూదితో రుద్దితే చుక్కలు దిగుతాయి. లేత రంగు గుడ్డకైతే ఆ తెలుపు కనపడదు, నీలిమందు కలుపుకో. దాని మీద గొలుసుకుట్టు చాలు. మగ్గం వర్కుకి వేలు పోసేవాళ్లు కూడా ఇది చూసి ఆగుతారు, ఎందుకంటే మెలిక ఎక్కడ మొదలైందో కన్ను వెతుక్కుంటుంది. మొత్తం ముగ్గు పెట్టాలని ఆశపడకు. వీపంతా దుప్పటిలా అయిపోతుంది, నేను ఒకసారి చేసి విప్పాను.

లేసు గురించి కూడా ఒక్క మాట, మీ ఊరి నుంచి నరసాపురం ఎంతో దూరం లేదు కాబట్టి. అక్కడి క్రోషా లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. టేబులు గుడ్డలు, డాయిలీలు (గిన్నెల కింద పరిచే చిన్న లేసు గుడ్డలు) అంటే ఎవరికి కావాలి అనకు. పాత గుండ్రటి డాయిలీ ఒకటి సగానికి మడిచి సాదా స్వెట్టరు మెడకి నాలుగు కుట్లు వేస్తే కాలరు. ఉతికేటప్పుడు విప్పి పక్కన పెట్టుకోవచ్చు. అల్లే ఆవిడ దగ్గరే కొను, ఒకటి అల్లడానికి ఎంతసేపు పడుతుందో అడుగు, ఆ తరవాత బేరం ఆడబుద్ధి కాదు.

టైలరుకి ఏదైనా ఇచ్చేది ఉంటే డిసెంబరు 20 లోపే ఇచ్చెయ్యి. ధనుర్మాసంలో ముహూర్తాలు ఉండవు, ఖాళీగా ఉంటారనుకుంటారు అందరూ. కాని పండగ కుట్లు, అల్లుళ్ల బట్టలు, పరికిణీలు అన్నీ ఆ రోజుల్లోనే పడతాయి. జనవరి 5 తరవాత వచ్చినవాళ్లకి నేను మొహం మీదే చెప్పేస్తాను, రథసప్తమికి రండి అని.

ఇక అమ్మమ్మ గారి శాలువా. పారెయ్యకు. ముందు ఎండలో పరిచి రెండు వైపులా బ్రష్షుతో దులుపు. ఉన్ని బట్టకి చిల్లులు పెట్టేది పురుగు పిల్లలు. అవి చెమట, నూనె మరక ఉన్న చోటే ముందు తింటాయి. కాబట్టి ఎప్పుడు దాచినా ఉతికే దాచాలి, మాసినది మడిచి పెట్టకూడదు. చల్లటి నీళ్లలో తలస్నానం షాంపూ కాస్త వేసి ముంచి, పిండకుండా తువ్వాల్లో చుట్టి నొక్కి, నీడలో నేల మీద పరిచి ఆరబెట్టు. తీగ మీద వేస్తే బరువుకి సాగిపోతుంది. ఎండిన వేపాకు గుడ్డలో మూటగట్టి పెట్టెలో పెట్టు. అయినా సరే రెండు నెలలకి ఒకసారి తీసి ఎండ చూపించాల్సిందే, మన తేమకి వేపాకు ఒక్కటీ చాలదు.

చిల్లులకి రఫూ చేసేవాళ్లు కనపడకుండా కుడతామంటారు. అంత పాత రంగుకి సరిపోయే ఉన్ని దొరకదు, దొరికినా తేడా తెలిసిపోతుంది. నేనైతే డిసెంబరు పువ్వు రంగు ఉన్ని తీసుకుంటాను. చిల్లు కింద నున్నటి గిన్నె బోర్లించి పెట్టుకో, గుడ్డ బిగువుగా నిలబడుతుంది. చిల్లు అంచు నుంచి కాదు, దానికి వేలెడు అవతల గట్టిగా ఉన్న నేత దగ్గర మొదలుపెట్టు. ముందు నిలువు పోగులు, పక్కపక్కనే. తరవాత అడ్డంగా, ఒక పోగు పైనుంచి, ఒక పోగు కిందనుంచి, నేత నేసినట్టే. ప్రతి వరస చివర కొంచెం దారం వదులు విడిచిపెట్టు, ఉన్ని ఉతికాక ముడుచుకుంటుంది. ముడి వెయ్యకు, దారం కొసని నేతలోకే దూర్చి కత్తిరించు. మొదటిది వంకరగా వస్తుంది. అందుకని మడతలో పడే చిల్లుతో మొదలుపెట్టి, భుజం మీద ఉన్నదాన్ని చివరికి ఉంచుకో.